తడి జుట్టు

అక్కా,

జుట్టు నాటే డాక్టర్‌ని ఎలా ఎంచుకున్నావని అడిగావు కదా. మొదటాయన గది గోడల నిండా ఫొటోలే. "మచ్చ కనిపిస్తే నన్నడగండి" అన్నాడు. ఎందుకో మనసొప్పలేదు. రెండో ఆవిడ నా నుదుటి పక్కన కాలిన మచ్చని వేలితో నిమిరి, "ఇక్కడ నాటినవన్నీ బతకవమ్మా. సగం బతికినా అదృష్టమే" అంది. నాకున్నలాంటి మచ్చకే తన దగ్గర చేయించుకున్న ఈత టీచర్‌ని చూసి రమ్మంది.

నేను వెళ్ళేసరికి ఆమె ఈతకొలను నీళ్ళలోంచి పైకి వస్తోంది. ఎండలో నా ముందు తల వంచి, "మొహమాటపడకు, పాయలు తీసి చూడు" అంది. తడిసినా జుట్టు జుట్టులాగే ఉంది, కాస్త పలచన అంతే. అప్పుడే నిశ్చయించుకున్నాను.

నాటినవి మొదట రాలిపోయాయి. డాక్టరమ్మ ముందే చెప్పినా బెంగపడ్డాను. ఆ నెలలన్నీ ఎవరో మెల్లగా తల దువ్వుతున్నట్టు కలలొచ్చేవి. తర్వాత నూగులా మొలిచింది. ఇవాళ స్కార్ఫ్ లేకుండా మేడెక్కితే, గాలికి మచ్చ మీది వెంట్రుకే ఎగిరి కంట్లో పడింది. నీళ్ళు కారుతున్నా తీయబుద్ధి కాలేదు.

నువ్వొచ్చాక నాకు జడ వేయాలి. పాపిడి మచ్చ వైపే తీయి.

నీ చెల్లి