గుడ్లగూబకు కుంకుమ బొట్టు

ఏవండీ,

ఎలా ఉన్నారని అడగను. మీరు వెళ్ళిపోయి ఏడు నెలలైంది. అప్పుడు కల్లాల్లో మిర్చి ఆరుతోంది, ఇప్పుడు మళ్ళీ నారు వేస్తున్నారు. మన పురుగుమందుల కొట్టు మూసేశాను. అయినా ఆకు ముడతకు ఏం కొట్టాలని మీ ఫోనుకు ఎవరో ఒకరు చేస్తూనే ఉన్నారు... వాళ్ళకేం చెప్పను?

మీ గ్రీకు నాణేల సంగతి చెప్పాలి. ఇన్నాళ్ళూ మనసు రాలేదు.

పెద్దకర్మ ముందు రోజు ఇల్లంతా శుభ్రం చేస్తూ, అత్తయ్య వెండి సామానుతో పాటు మీ బీరువాలోని పెట్టె కూడా తీశారు. కంచాలు, గ్లాసులు, కుందులతో కలిపి నాణేలన్నీ చింతపండులో నానేసి, విభూతితో తోమేశారు. నేను చూసేసరికి తువ్వాలు మీద ఆరుతున్నాయి... కొత్త గిన్నెల్లా తళతళమంటూ.

"ఆ నలుపు పట్టడానికి రెండు వేల ఏళ్ళు పట్టింది రమా, తోమితే నిమిషంలో పోతుంది" అనేవారు మీరు. నన్ను వేలు కూడా పెట్టనిచ్చేవారు కాదు. నిజంగానే నిమిషంలో పోయింది.

మీ తర్వాత అవన్నీ ఒకేచోట ఉండాలని, మీ ఒంగోలు స్నేహితుడికి ఇమ్మన్నారుగా. ఆయన వచ్చారు. భూతద్దం పెట్టి ఒక్కొక్కటే చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చిన్న బంగారు నాణెం ఒక్కటే బాగుందట, నలుపు పోయిన వెండివి ఇక ఎవరి సేకరణకూ పనికిరావట. విడదీయడం మీకిష్టం ఉండదని ఆ ఒక్కటీ తీసుకోకుండానే వెళ్ళిపోయారు. ఇరవయ్యేళ్ళు ఏరి ఏరి తెచ్చుకున్నదంతా... మీరు ఇంకోసారి పోయినట్టయింది నాకు.

అత్తయ్యకు చెప్పలేదు. ఎలా చెప్పను? గుర్తుందా, ఆ ఏథెన్సు గుడ్లగూబ నాణెం తెచ్చిన రోజు? ఇంట్లోకి గుడ్లగూబ ఏమిటని ఆవిడ మీతో వారం రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు దాన్ని దేవుడి గూట్లో పెట్టి కుంకుమ బొట్టు పెడుతున్నారు. తన కొడుకు వెండి నల్లబడకూడదని ప్రతి శుక్రవారం అన్నీ తోముతున్నారు. గుడ్లగూబ కళ్ళు అరిగిపోతున్నాయండీ. ఇంకొన్నాళ్ళకు నున్నటి బిళ్ళలే మిగులుతాయి.

ఆపుదామని ఒకసారి చింతపండు దాచేశాను. ఆ రోజంతా ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని వాకిట్లో కూర్చున్నారు. అన్నం ముట్టలేదు. ఆ చేతులకు మీ కోసం చెయ్యడానికి ఇంకేం పని మిగిలింది?

మీకు కోపం వస్తే రానివ్వండి. రేపు శుక్రవారం. చింతపండు నిండుకుంది, సాయంత్రం వెళ్ళి తెస్తాను.

మీ
రమ