ఆయుధపూజ నాడు తెరిచిన మిషన్

కొత్తచెరువు,
4 నవంబరు 1998

చంద్రికక్కకు,

'ప్రియమైన' అని రాయడానికి చెయ్యి రాలేదు. ధర్మవరంలో రెండేళ్లు ఒకే కంప్యూటరు ముందు కూర్చుని చీరల అంచులు గీశాం, ఒకే డబ్బాలో తిన్నాం. ఆ నోటితోనే మన ఓనరు రామదాసు సార్‌తో, 'వైరస్ హేమ ఫ్లాపీలో వచ్చింది' అని చెప్పావు. నూటనలభై డిజైన్లు తుడిచిపెట్టుకుపోయాయి. నేతగాళ్లందరి ఎదుటా ఆయన, "ఏమ్మా, నా అన్నం తిని నా నోట్లోనే మన్ను కొట్టినావే. ఇంగ రావద్దు" అన్నాడు. నువ్వు తలెత్తలేదు.

దసరా అయ్యాక మన డిజైన్ ప్రోగ్రాం నా ఫ్లాపీలోకి కాపీ చేసుకున్నాను కదా. కదిరిలో కంప్యూటర్ నేర్పే నాగన్న సార్‌కు అది చూపించాను. వైరస్ ప్రోగ్రాం ఫైలుకు అతుక్కుంటుందట. ఆ ఫైలు తెరవగానే మెమరీలోకి ఎక్కి కూర్చుంటుంది. మిషన్ ఆపేదాకా ఏ ప్రోగ్రాం తెరిస్తే దానికల్లా అంటిస్తుంది. పని మామూలుగానే సాగుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ మన ఫైలు సైజు పెరిగింది, తేదీ మారింది. వైరస్ అంటుకున్న ఆ తేదీ సెప్టెంబరు 30.

ఆయుధపూజ, అక్కా! మగ్గాలకీ మిషన్‌కీ పసుపు కుంకుమ పెట్టి ఎవరూ ముట్టని రోజు. నేను గోరంట్లలో అవ్వ మంచం పక్కన ఉన్నాను. కంప్యూటర్ గది తాళం నీ దగ్గరుంది. సొంత అక్కనైనా ఇంతగా నమ్మేదాన్ని కాదు.

హేమ

ధర్మవరం,
11 నవంబరు

హేమా,

తెరిచింది నేనే. అవ్వకు బాగాలేదని నువ్వు సగంలో వదిలి వెళ్లిన నెమలి అంచు పండగ మర్నాటికి సిద్ధం కాకపోతే నిన్ను తీసేస్తానన్నాడు సార్. అందుకే పూజ చేసిన మిషన్‌ని ముట్టుకున్నాను. మొదట కాసేపు మా తమ్ముడు ఓబిలేష్ ఇచ్చిన ఫ్లాపీ పెట్టి ఆట ఆడాను, ఆ తర్వాత మిషన్ ఆపకుండానే డిజైన్ ప్రోగ్రాంలో నీ అంచు తెరిచాను. బుద్ధి గడ్డి తింది.

డిజైన్లు పోయాక, పండగనాడు ముట్టానని చెప్పే ధైర్యం రాలేదు. నీ పేరు చెప్పాను. నీ పని నిలబెట్టాలని తెరిచినదాన్ని, నా పని పోతుందని నిన్నే పోగొట్టాను.

నిన్న సార్‌కు అంతా చెప్పేశాను. ఆయన, "ఆ పిల్లను పిలిపించు. నువ్వు తాళం ఆడ పెట్టి పో" అన్నాడు.

సోమవారం రా. మిషన్‌ని ఊరికే మళ్లీ స్టార్ట్ చేస్తే సరిపోదు. కరెంటు తీసేసి, నాగన్న సార్ దగ్గర శుభ్రమైన ఫ్లాపీ తెచ్చుకుని దానితో తెరువు. నా సొరుగులో ఉన్న ఫ్లాపీలు ఒక్కటి కూడా నమ్మొద్దు.

అక్కనని రాసుకోలేని
చంద్రిక