తుడిచేసిన నీలం

అక్కయ్యకు,

కోపంలో ఉన్నావని తెలిసే రాస్తున్నాను. చివరిదాకా చదివి అప్పుడు తిట్టు.

చిన్నప్పుడు డాబా మీద నువ్వు చూపించిన పిల్లలకోడి చుక్కల్ని, అదే కృత్తికల్ని, మొన్న ఫొటో తీశాను. ఆకాశంతోపాటు తిరిగే మోటారు స్టాండు మీద కెమెరా బిగించి, ఎనభై ఫొటోలు తీసి, కంప్యూటర్లో ఒకదానిమీద ఒకటి పేర్చాను. ఆరా ఏడా అని మనం పోట్లాడుకునేవాళ్లం కదా, అక్కడ వందలున్నాయే! కానీ పెద్ద చుక్కల చుట్టూ నీలంగా మసక. లెన్సుకు మంచు పట్టిందనుకున్నాను. ముప్పై ఏళ్లు స్టూడియోలో ముఖాల మీద మచ్చలు తీసిన చెయ్యి ఊరుకుంటుందా? శుభ్రంగా తుడిచేశాను.

పక్కింటి సైన్సు టీచరు చూసి తల పట్టుకుంది. "అయ్యో, అది మంచు కాదండీ! చుక్కల మధ్య తేలే ధూళి, వాటి వెలుగు పడి మెరుస్తుంది. ఆ వెలుగు నాలుగు వందల ఏళ్లు ప్రయాణం చేసి వస్తే తుడిచేశారా?"

అసలు ఫొటోలు దాచాను గనక బతికిపోయాను. మళ్లీ పేర్చాను. ఆ నీలం తెర మీద మెల్లగా విచ్చుకుంటుంటే, గదిలోకి ఎవరో పెద్దవాళ్లు వచ్చినట్టు లేచి నిలబడ్డాను అక్కా.

అప్పుడు గోడమీద అమ్మ కనిపించింది. ఆ ఫొటో పెద్దది చేసినప్పుడు బుగ్గ మీది కాలిన మచ్చ తీసేసింది నేనే. సలసల కాగే నీళ్లు నీ మీద పడబోతే అడ్డొచ్చి తెచ్చుకున్న మచ్చ. నీకిచ్చిన కాపీ ఎందుకు తిప్పి పంపావో ఇన్నాళ్లకు తెలిసింది.

నా దగ్గర అసలుది లేదు. నీ పెట్టెలో పాత ప్రింటు ఉంటే పంపు. ఆ మచ్చ మీద చెయ్యి పెట్టను.

నీ తమ్ముడు