గుట్ట అవతలి దిక్కు

జూన్ 8, 1986. ఆదివారం

భాస్కర్ ఒక క్యాసెట్ తెచ్చాడు. దాని మీద పేరు లేదు, బొమ్మ లేదు. కాలేజీలో బొంబాయి పిల్లవాడెవడో కాపీ చేసి ఇచ్చాడట. పాడేవాళ్లెవరో వాడికీ తెలియదట. ఇంగ్లండు వాళ్లయి ఉండొచ్చట. దీన్ని ఆల్టర్నేటివ్ రాక్ అంటారట. దేనికి ఆల్టర్నేటివ్ అని అడిగాను. రేడియోలో వచ్చేదానికి అన్నాడు మనవడు. అప్పుడు రేడియోలో ఎరువుల మీద ప్రసంగం వస్తోంది. అయితే పెట్టు అన్నాను.

గిటారు, డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టుంది. డ్రమ్ములవాడికి ఎవరిమీదో కోపం. పాడేవాడు పాడడు, వెనక బెంచీ పిల్ల పద్యం అప్పజెప్పినట్టు గొణుగుతాడు. రిటైరయ్యే దాకా ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు చెప్పిన దాన్ని, నాకే సగం మాటలు అందలేదు. రేపు మళ్లీ వినాలి. నచ్చి కాదు. అర్థం కానిది ఇంట్లో ఉంటే నాకు నిద్ర పట్టదు.

జూన్ 9

మళ్లీ విన్నాను. నచ్చలేదు. ఇంకా నాలుగుసార్లు విన్నాను.

జూన్ 11, బుధవారం

సైడ్ బి, మూడో పాట. మాటలన్నీ దొరికాయి. ఎవరో తల్లితో చెబుతున్నారు. గొళ్లెం తీసి ఉంచు, అమ్మా. గుట్ట అవతలి దిక్కు నుంచి వస్తున్నాం. దీపం పెట్టొద్దు, మన గడప మాకు తెలుసు. మా కంచాలు బోర్లించే ఉన్నాయా?

అంతే. ఇవే తిప్పి తిప్పి పాడతారు. చివర డ్రమ్ములు ఆగిపోతాయి. గిటారు ఒక్కటే కాసేపు నడుస్తుంది, అదీ ఎక్కడో నిలబడిపోతుంది. ఇల్లు చేరారో లేదో చెప్పరు.

చచ్చిపోయినవాళ్లు పాడుతున్నారు అంటాడు భాస్కర్. యుద్ధంలో పోయిన కొడుకులట. దీపం అక్కర్లేనిది దయ్యాలకేనట. కంచాలు బోర్లించారంటే ఇక ఆ ఇంట్లో తినేవాళ్లు లేరనట. నేనన్నాను, నీ మొహం, పిల్లలు పొద్దుపోయి ఇంటికొస్తున్నారు, నాయన లేస్తాడని దీపం వద్దంటున్నారు, అంతే. కంచం బోర్లించేది అన్నం మీద దుమ్ము పడకుండా. ఆలస్యంగా వచ్చేవాడి కోసం. నీ కోసం మీ అమ్మ రోజూ చేసేది అదే కదరా అన్నాను. నాయినమ్మా, నీకు రాక్ అర్థం కాదు అన్నాడు. నీకు ఇల్లు అర్థం కాదు అన్నాను.

నా తెలుగు మాత్రం వాడికి నచ్చింది. మళ్లీ చెప్పు, మళ్లీ చెప్పు అని రెండు వాక్యాలు కాగితం మీద రాయించుకున్నాడు.

జూన్ 14

పాలు పోయడానికి వచ్చిన సమ్మమ్మ గుమ్మంలో నిలబడి పాట మొత్తం విన్నది. గీయన ఎవ్వలి మీద ఏడుస్తాండు పంతులమ్మా అని అడిగింది. అమ్మ మీద అన్నాను. గట్లనా అని కూర్చుంది. పాలు పొంగి మా కోడలు రాజేశ్వరి కేకలేసేదాకా లేవలేదు.

ఆమె కొడుకు సారయ్య అడవిలోకి వెళ్లి రెండేళ్లయింది, అప్పటినుంచి ఇంట్లో ఆమె ఒక్కతే. అంతకు ముందు ఒకసారి పోలీసులు తీసుకుపోయి వదిలారు. వచ్చాక వాడు ఇంట్లో నిలవలేదు. మేమెవరం ఆ పేరు ఎత్తం. ఆమే ఎత్తుతుంది, బర్రె గురించి చెప్పినంత మామూలుగా.

జూన్ 21, శనివారం

గుడి నుంచి వస్తూ చూశాను. మా రంగుల దుకాణం గోదాము గోడ. నిలువెత్తు అక్షరాలు. ఎర్రవి.

గొళ్లెం తీసి ఉంచు, అమ్మా. గుట్ట అవతలి దిక్కు నుంచి వస్తున్నాం.

నా తెలుగు. నా కామాతో సహా.

ఈ ఊళ్లో ఎర్ర అక్షరాలు ఎవరు రాస్తారో, ఎవరు చదువుతారో చంటిపిల్లకు కూడా తెలుసు. పక్క గోడ మీద అమరులకు జోహార్లు ఉన్నాయి. అదే ఎరుపు.

భాస్కర్‌ని అడిగితే నవ్వాడు. పాట నచ్చి రాశాడట. బొంబాయిలో పిల్లలు గోడల మీద పాటలు రాసుకుంటారట. ఎరుపెందుకురా అంటే, దుకాణంలో రెడాక్సైడ్ ఒక్కటే తెరిచి ఉన్న డబ్బా, కొత్తది తెరిస్తే బాపు తిడతడు అన్నాడు. ఇనప గేట్లకు వేసే ప్రైమరు! ఇంజనీరింగ్ చదువుతున్నాడు. చెప్పుల మీద కూడా ఎర్ర చుక్కలు.

రేపు పొద్దున్నే చెరిపేయమన్నాను. రేపు ఆదివారం, లేచినంక చూద్దాం అన్నాడు.

జూన్ 22, ఉదయం 9

వాడు లేవకముందే పోలీసు జీపు వచ్చింది.

వాడు బనీను మీదే ఎక్కాడు. చెప్పులు వాళ్లే తీసుకున్నారు. నా కొడుకు రాంచందర్, దుకాణంలో గిరాకీతో గంటసేపు వాదించేవాడు, పక్కకు తప్పుకుని దారిచ్చాడు. ఇప్పుడు వకీలు ఇంటికి పరుగెత్తాడు. రాజేశ్వరి గడప మీద కూలబడింది, లేవడం లేదు. ఈ మధ్య ఈ ఊళ్లో జీపెక్కిన పిల్లల్లో కొందరు జీపు దిగలేదు.

9:30

వకీలు హైదరాబాదు పోయాడట. రాంచందర్ రేపటిదాకా ఆగుదాం అంటున్నాడు. సమ్మమ్మ పాల చెంబు కింద పెట్టి నా చెయ్యి పట్టుకుంది. ఆగకున్రి పంతులమ్మా, నేను రేపు పోదాం తియ్యని ఆగిన, పోయేటాల్లకు నా పిలగాడు పిలగాని లెక్క లేకుండె అన్నది.

టేప్ రికార్డర్ తీసుకుని వెళ్తున్నాను.

సాయంత్రం 6

రాయాలి.

ఠాణాలో నన్ను బెంచీ మీద కూర్చోబెట్టారు. ఎస్సైకి భాస్కర్ కన్నా పదేళ్లు ఎక్కువుంటాయి. మర్యాదగానే మాట్లాడాడు. అందుకే నాకు భయం వేసింది. పెద్దమ్మా, వస్తున్నాం అంటే ఎవరు, ఎంతమంది అని అడిగాడు. ఏ గుట్ట, ఏ రోజు. గొళ్లెం ఎవరింటిది. నేను పాట అన్నాను. ఏ సినిమా అన్నాడు. సినిమా కాదు, ఆల్టర్నేటివ్ రాక్ అన్నాను. దేనికి ఆల్టర్నేటివ్ అన్నాడు. ఇంకో రోజయితే వాణ్ని మెచ్చుకునేదాన్ని.

టేపు పెట్టాను. ఆ గొణుగుడులో అతనికి ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు. మళ్లీ పెట్టించాడు. అర్థం చెప్పమన్నాడు. పదోతరగతికి చెప్పినట్టు చెప్పాను, వాక్యం వాక్యం ఆపి. పిల్లలు ఇంటికి ఆలస్యంగా వస్తున్నారు, తల్లికి చెబుతున్నారు, అంతే నాయనా.

అప్పుడు నెమ్మదిగా అన్నాడు. మీ మనవడు గట్ల చెప్పలేదే. వచ్చేది చచ్చిపోయినోళ్లు అని చెప్పిండు. పోరాటంల చచ్చిపోయినోళ్లు మళ్లొస్తాన్రని.

భాస్కర్ చెప్పింది యుద్ధం. ఠాణా గోడల మధ్య అది పోరాటం అయింది. ఈ ఊళ్లో చచ్చినవాళ్లు తిరిగొస్తారు అంటే దానికి ఒక్కటే అర్థం. పాట అని ఇద్దరూ అంటాన్రు, అర్థం మాత్రం చెరొకటి చెప్తాన్రు, అబద్ధం ఎవలది అని అడిగాడు.

ఇద్దరిదీ కాదు అన్నాను. అబద్ధమే అయితే ఒకే మాట చెప్పుకుని వచ్చేవాళ్లం. వాణ్ని పిలవండి, నా ఎదురుగా అడగండి.

తీసుకొచ్చారు. చెంప వాచి ఉంది. నా వైపు చూడలేదు. ఏడిస్తే పని చెడుతుంది. కాబట్టి తిట్టాను. యుద్ధం అనే మాట పాటలో ఎక్కడుందిరా గాడిదా, చూపించు అన్నాను. కంచాలు బోర్లించినయి గదా నాయినమ్మా, తినేటోళ్లు లేనట్టే గదా అన్నాడు. వాచిన నోటితో. ఆ స్థితిలో కూడా ఒప్పుకోడు! నాకూ ఒళ్లు మండింది. మీ అమ్మ నీ కంచం బోర్లిస్తే నువ్వు చచ్చినట్టా అన్నాను. మరి దీపమెందుకు వద్దన్నరు అన్నాడు. నాయన లేస్తాడని అన్నాను. పాటల నాయన ఏడున్నడు, నువ్వు తెచ్చి పెట్టినవ్ అన్నాడు. అది నిజమే. నాయన పాటలో లేడు. ఆ ముక్క నేను ఎస్సై ముందు ఒప్పుకోవాల్సి వచ్చింది.

రికార్డర్ వెనక్కి తిప్పి, ఆ చోటు మళ్లీ పెట్టి, మళ్లీ వాదించాం. ఎక్కడున్నామో ఇద్దరం మరిచిపోయాం అంటే అతిశయోక్తి. నేను మరిచిపోలేదు. వాడు మరిచిపోయాడు.

తలుపు దగ్గర ముసలి హెడ్ కానిస్టేబుల్ ఉన్నట్టుండి అన్నాడు, మా అవ్వ గూడ గట్లనే బోర్లిచ్చి పెడ్తది సార్, డ్యూటీ దిగి పోయేటాల్లకు. ఎస్సై తల తిప్పి చూశాడు. హెడ్డు నోరు మూసుకున్నాడు. టేపులో గిటారు ఒక్కటే నడుస్తోంది. అది ఆగిపోయాక, తర్వాత ఏమైతది అని అడిగాడు ఎస్సై. చెప్పరు, పాట అక్కడే అయిపోతుంది అన్నాను. ఇంటికి పోయిన్రా లేదా అన్నాడు. తెలియదు అన్నాను.

రేపు పొద్దటికి గోడ తెల్లగ కావాలె అన్నాడు. చెప్పులు భాస్కర్ ముందు పడేశాడు. పెద్దమ్మా, మీ పిలగానికి పాటలు సమజ్ కావు, గోడలు అసలే సమజ్ కావు, ఇంట్ల పెట్టుకోన్రి అన్నాడు.

రిక్షాలో వాడు నా భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. నేనూ.

జూన్ 23

భాస్కర్ సున్నం వేశాడు. చాలా తెల్లగా వేశాడు. సమ్మమ్మ వెనక నిలబడి చూసింది. కింద ఏమున్నదో చదవమన్నది. నోటికే చెప్పాను. గుట్ట అంటే ఏ గుట్ట అన్నది. ఇంగ్లండులో గుట్ట అన్నాను. ఏడిదైతేంది, గుట్ట అన్నంక అవతలి దిక్కు ఉండకపోతదా అని వెళ్లిపోయింది.

జూన్ 25

టేప్ రికార్డర్ బీరువాలో పెట్టి తాళం వేశాడు రాంచందర్. పాట నా తలలో ఉంది. దానికి తాళం లేదు.

జూన్ 28

నెలాఖరు పాల లెక్క అడగడానికి సమ్మమ్మ ఇంటికి వెళ్లాను. తలుపు ఓరగా ఉంది. గొళ్లెం రాత్రిళ్లు కూడా పెట్టడం లేదట, ఆ గోడ మాట విన్నప్పటినుంచి. దొంగలు వస్తారే అంటే, వస్తే రానీ, బర్రెను పిండి పోతరు అన్నది. పొయ్యి దగ్గర కంచం బోర్లించి ఉంది.

తిట్టాలని వెళ్లినదాన్ని కాదు, అయినా తిట్టాను. అది పాట, ఉత్తరం కాదు, నీ కొడుక్కూ దానికీ సంబంధం లేదు, మా వాడు రాసిన పిచ్చిరాత అన్నాను. ఎరికే పంతులమ్మా, జర గట్టిగ మాట్లాడకున్రి అన్నది. తప్పు చేసినవాళ్లం మేము. గొళ్లెం తీసి కూర్చున్నది ఆమె. రేపు ఎవడైనా చూసి ఠాణాలో చెబితే?

జూలై 5, శనివారం

పొద్దున్నుంచి కుండపోత. నాలుగింటికి రాంచందర్ తడుస్తూ వచ్చాడు. సున్నం కొట్టుకుపోయిందట. రెడాక్సైడ్ ఆయిల్ పెయింటు, వానకు ఏమీ కాదు. అక్షరాలు కొత్తగా కడిగినట్టు నిలబడ్డాయట. రంగులమ్మి బతికే ఇంట్లో ఒక్కడికీ ఈ మాట ముందు తట్టలేదు. తెల్లటి ఆయిల్ పెయింటు కొట్టాలి, గోడ ఆరితే గానీ పట్టదు.

గొడుగు వేసుకుని వెళ్లాను. జీపు ఆగి ఉంది. ఎస్సై దిగకుండానే చదివాడు. నన్ను చూశాడు. నేను ఎక్కడికీ కదల్లేదు. వానల పెయింట్ పట్టది పెద్దమ్మా, గోడ ఆరినంక కొట్టున్రి అన్నాడు. జీపు పోయింది. సమ్మమ్మ ఇంటి వైపు కాదు. చివరిదాకా నిలబడి చూశాను.

జూలై 8

పాలు రాలేదు. నేనే వెళ్లాను.

సమ్మమ్మ తలుపుకి గొళ్లెం పెట్టి ఉంది. పగటిపూట, లోపలి నుంచి. పిలవలేదు. అరుగు మీద రెండు కంచాలు, కడిగి వెల్లకిలా పెట్టినవి. ఇంకా తడిగా ఉన్నాయి.

ఇంటికొచ్చి ఈ పూట పాలు లేవని చెప్పాను. బర్రె ఎగ్గొట్టిందన్నాను.

భాస్కర్‌కు చెప్పను. కానీ నా అర్థమే రైటు.