పసుపు పొయ్యిలో ఊరు

నిఖితా,

ఇందుమూలంగా జక్రాన్‌పల్లి మండల ప్రజలకు తెలియజేయునది ఏమనగా, నేటి నుండి మీ మామ మజాకులు బంద్.

ఫోన్‌లో చెప్పడానికి మొహం చెల్లక రాస్తున్నాను. నీ చదువు కోసం సముద్రపు ఒడ్డు నుంచి బకెట్‌లో చచ్చిన నాచు తెచ్చావు. అందులో ఎగిరే పురుగులను చూపించి, "చెత్త గాదు మామా, గిదొక ఊరు" అన్నావు. నువ్వు బయటికి పోయాక ఒకటి నన్ను కుట్టిందని నేను కేక పెడితే అమ్మమ్మ ఉరికొచ్చి, "నా కొడుకునే కరుస్తయా!" అంటూ బకెట్ మొత్తం పసుపు ఉడికే పొయ్యిలో కుమ్మరించింది. ఊరు కాలిపోయింది, నీ ఏడాది పని కూడా.

నువ్వు మాట్లాడటం మానేశాక, "పిల్ల ఫోన్ చేసిందారా?" అని అమ్మమ్మ రోజూ నన్నే అడుగుతోంది. ఆమెకు ఫోన్ చెయ్యి బిడ్డా. తిట్టేది నన్ను తిట్టు.

నన్ను ఏ పురుగూ కుట్టలేదు.

మీ మామ