ఒక గోడ చాలు

అన్నయ్యకి,

నమస్కారం. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నువ్వూ వదినా అమ్మా బాగున్నారని నీ ఉత్తరంలోనే ఉంది కాబట్టి మళ్లీ అడగను.

ఈ ఉదయం లైబ్రరీ తలుపులు తీయగానే రిటైరైన పోస్టుమాస్టరు గారు వచ్చారు. రోజూ వచ్చేవారే. కూర్చునే ముందు జేబురుమాలు తీసి, కుర్చీని కాదు, పేపరుని తుడిచారు. కెమెరా నా బల్ల సొరుగులోనే ఉంది, కానీ తీయలేదు. ఆయన చేతులు చూస్తే నువ్వు వాటికి చేసిన పని గుర్తొచ్చింది. అందుకే ఈ ఉత్తరం.

ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఫోన్లో నువ్వు మాట్లాడతావు, నేను ఊ కొడతాను. "సరే మూగనోమూ, ఒప్పుకున్నట్టేగా" అని పెట్టేస్తావు. చిన్నప్పట్నుంచీ నాకు అదే పేరు. కాగితం మీదైతే నువ్వు మధ్యలో అడ్డు రాలేవు.

సొంత సైటు పెట్టుకుంటానంటే "ఇంట్లో గది ఉండగా బయట అద్దెకెందుకు?" అని రాశావు. నీ స్టూడియో వెబ్‌సైట్లో నాకొక పేజీ ఇచ్చావు, నిజమే. పైసా అడగలేదు, అదీ నిజమే. కానీ ఆ గదిలోకి రావాలంటే ముందు పెళ్లికూతుళ్లని దాటాలి, తర్వాత పుట్టినరోజు పిల్లల్ని, ఆ తర్వాత ఆఫర్లని. అన్నీ దాటుకుని వస్తే నా ఫోటోలు, ప్రతిదాని మీదా అడ్డంగా నీ స్టూడియో ముద్ర. నా పేరు నేనే వెతుక్కోవాల్సి వచ్చింది. అట్టడుగున "మా టీమ్" అన్న మాట కింద దొరికింది. మీ టీమ్‌లో నేను ఎప్పుడు చేరాను అన్నయ్యా?

"కాస్త బాగుచేస్తే కోపమా?" అని కూడా అడిగావు. నువ్వు బాగుచేసింది చదువుకునేవాళ్ల చేతులు. పెళ్లికూతురి బుగ్గలకి నొక్కే బటనే పోస్టుమాస్టరు గారి వేళ్లకీ నొక్కావు. ముడతలు పోయాయి, నరాలు పోయాయి, ఏళ్ల తరబడి స్టాంపు సిరా అంటి బొటనవేలి మీద మిగిలిపోయిన నలుపు కూడా పోయింది. ఆ నలుపు కోసమే నేను ఆ ఫోటో తీశాను. ఒక్కొక్కటీ చూసే ఓపిక నీకెక్కడిది, అన్నిటికీ ఒకేసారి కొట్టి ఉంటావు. నువ్వు సరిగ్గా చూసింది ఒక్కటే, అదీ తీసేయడానికి. మెడ, వంగిన భుజాలు, భుజం పక్కనుంచి తెరిచిన పేజీ అంచు ఉన్న ఫోటో అది. "ముఖం లేదు, ఎవడో ఏమిటో, వీపు చూడ్డానికి ఎవడొస్తాడే" అని మెసేజ్ పెట్టావు. పక్కన నవ్వే బొమ్మ ఒకటి.

ఇక "అసలు నీ ఫోటోలు ఎవరు చూస్తారని?" అన్నదానికి జవాబు కొంచెం పొడుగు.

కిందటి నెల లైబ్రరీకి నా కోసం ఒక ఫోన్ వచ్చింది. పుస్తకాలు వేసే సంస్థలో ఎడిటరట, పెద్దావిడ గొంతు. కథల పుస్తకం అట్టకి ఫోటో వెతుకుతూ నీ సైటులో నా పేజీ చూశారు. అక్కడ వివరాలు నింపే పెట్టెలో రాస్తే మీ స్టూడియో నుంచి జవాబు వెళ్లింది. దాన్ని ఆవిడ నాకు చదివి వినిపించారు.

"'మీ శుభకార్యానికి మమ్మల్ని ఎంచుకున్నందుకు ధన్యవాదాలు' అని ఉందండీ. డ్రోన్ ఉచితమట. పుస్తకం అట్టకి డ్రోన్ ఏం చేసుకోను?"

రిసీవరు రెండో చెవికి మార్చుకున్నాను.

"ఒక్క ఫోటో చాలని మళ్లీ రాశాను. చిన్న ఆర్డర్లు తీసుకోం అన్నారు."

"క్షమించండి" అన్నాను.

"మీరెందుకు లెండి. ఫోటోలో పుస్తకం మీద లైబ్రరీ ముద్ర కనపడింది, దాన్ని పట్టుకుని ఫోన్ చేశాను. ఒకటడగనా? ఆ పెద్దాయన చేతులు మైనంతో చేశారా?"

"కాదండీ. అసలువి అలా ఉండవు."

"అయితే ఆ అసలువి ఎక్కడ చూడాలో చెప్పండి. శనివారం మేమంతా కూర్చుని అట్ట తేల్చేస్తాం."

మొదటి జవాబు యంత్రం పంపింది అనుకుందాం. రెండోది నువ్వు రాసిందే. నాకు ఒక్క మాట చెప్పలేదు. కాన్వెంట్లో మాట్లాడాలంటే చెయ్యెత్తి ఆగమనేవారు, నాకు ఆ అలవాటు ఇంకా పోలేదు. మొదటిసారి ఎవరో నన్ను పేరు పెట్టి పిలిస్తే, ఆ పిల్ల రాలేదని నువ్వు చెప్పేశావు.

మా లైబ్రరీలో కంప్యూటర్లు చూసే అక్కని పక్కన కూర్చోబెట్టుకుని చోటు వెతికాను. ఉచితంగా సైటు ఇచ్చేవాళ్లు నా ఫోటోల పక్కన నడుంనొప్పి మందు ప్రకటన పెడతారు. యాప్‌లో పెట్టుకోమని నువ్వంటావు. అక్కడ ఫోటోని చదరంగా కత్తిరిస్తారు, మర్నాటికి అది ఎక్కడుందో నాకే దొరకదు. నెలనెలా కట్టేవి అందంగానే ఉన్నాయి. మొదటి ఏడాది ధర పెద్ద అక్షరాల్లో, రెండో ఏడాది ధర చీమ తలకాయంత అక్షరాల్లో. లైబ్రరీ జీతానికి రెండో ఏడాదే ముఖ్యం.

అక్క విసుక్కుంది. "ఏమేవ్, నీ దగ్గరున్నవి ఇరవై ఫోటోలు. అమ్మేదేమన్నా ఉందా? బుకింగులున్నాయా?"

"లేవు."

"మరి ఫంక్షన్ హాలు ఎందుకే? ఒక గోడ చాలదూ?"

గోడే కట్టాం. సైటు పేరుకి మాత్రం ఏడాదికోసారి డబ్బు కడతాను, అది నా పేరు కాబట్టి. కదలని మెదలని మామూలు పేజీలైతే ప్రకటనలు లేకుండా ఊరికే ఉంచుకోనిచ్చే చోటొకటి ఉంది. నా ఫోటోలూ కదలవు. వాటిని తెరకి సరిపడేంత చిన్నవి చేసి పెట్టాం, అసలువి నా దగ్గర భద్రంగా ఉన్నాయి. నింపాల్సిన పెట్టెలేవీ లేవు, నా ఈమెయిలు ఉంది. రేపు వాళ్లు తలుపు మూస్తే పేజీలు తీసుకుని ఇంకో చోటికి పోతాను, పేరు నాతోనే వస్తుంది. నీ గదిలోంచి బయటికి రావడానికే నిన్ను ఇన్నిసార్లు అడగాల్సి వస్తోంది.

"వదిన బాధపడుతోంది, అమ్మ నీతో మాట్లాడనంటోంది" అని చివర రాశావు. అమ్మ ఆదివారం నాతో మాట్లాడింది. "వాడికి చెప్పకు గానీ ఆ అడ్రసేదో నాకూ పంపవే" అంది. పంపాను. వదినని మధ్యకి లాగకు, నీ కోపం నీ పేరుతోనే రాయి. పుస్తకాలు చదివి చదివి మొండిదాన్నయ్యానన్నావు. అది ప్రశ్న కాదు కాబట్టి జవాబు లేదు. నా సంచిలోంచి తీసుకున్న నవల తిరిగి పంపు. దాన్ని ముట్టుకోలేదంటావు, తెలుసు.

నా ఫోటోలన్నీ ఈ వారంలో నీ సైటులోంచి తీసెయ్యి. సగం తీసి సగం ఉంచకు.

ఆ శనివారం ఎడిటరు వాళ్లు కూర్చున్నారు. పోస్టుమాస్టరు గారి చేతులు తీసుకోలేదు. నువ్వు పనికిరాదని తీసేసిన ఫోటో తీసుకున్నారు, అట్ట మొత్తం అదే వస్తుందట. ముఖం కనపడకపోయినా అందులో ఉన్న మనిషి ఒప్పుకోవాలని, ఆ మనిషి నాకు తెలుసా అని ఎడిటరు అడిగారు. తెలుసన్నాను. ఇంకా అడగలేదన్నాను.

కిందటి సెలవుల్లో, అందరూ పడుకున్న మధ్యాహ్నం, మేడమెట్ల మీద కూర్చుని నా నవల చదువుతున్నది నువ్వే.

ఇట్లు,
మూగనోము వదిలేసిన
నీ చెల్లెలు