గీజరు కింద వాల్వు

అన్నయ్యా,

షవర్‌లో వేడినీళ్లు దారంలా వస్తున్నాయంటే, "జల్లెడకు సున్నం పట్టిందేమో చూడవే" అన్నావు. విప్పి, వెనిగర్‌లో నానబెట్టి కడిగాను. అయినా అంతే. ఇవాళ తడిమి చూస్తే గీజరు కింద వాల్వు సగానికి పైగా మూసి ఉంది. తిప్పగానే వేడినీళ్లు ఉరికాయి.

సంబరంగా మీ బావగారికి చెబితే ఆయన ముఖం మాడిపోయింది.

"నేనే మూశాను. తెరవకు."

ఎందుకని నిలదీస్తే ప్యాంటు పైకి లాగి సాక్సులు విప్పారు. రెండు పాదాల నిండా బొబ్బలు!

"డ్యూటీ నుంచి వచ్చి వేడినీళ్ల కింద కాళ్లు పెట్టుకున్నా. కాలుతున్నట్టే తెలియలేదు" అన్నారు.

ఐస్ ఫ్యాక్టరీలో నిలబడి మొద్దుబారాయట, అవే తగ్గుతాయట. తెలిస్తే పని పోతుందని, ఎవరికీ చెప్పనని నాచేత ఒట్టు వేయించుకున్నారు. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టి రాస్తున్నాను. ఫోన్‌లో మాట్లాడితే ఈ ఒంటి గదిలో ఆయనకు వినబడుతుంది.

నా మాట ఆయన చెవికెక్కదు, నీ మాట కాదనరు. షవర్ బాగుచేసే వంకతో రా. పనిముట్ల సంచీ తెచ్చుకో, లేకపోతే అనుమానిస్తారు. ఆయన్ని డాక్టరుకు చూపించే దాకా కదలకు.

ఇందాక ఆయన నిద్రపోతుంటే చూశాను, కుడికాలి బొటనవేలు నల్లబడింది. ఆయనింకా చూసుకోలేదు. వెంటనే బయలుదేరు అన్నయ్యా.

నీ చెల్లెలు